మోటారు మీది, తీగ నాది

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. సోదా అక్క అంటే చాలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పోస్టుమాన్ కూడా తిన్నగా ఆమె ఇంటి నీలం తలుపు దగ్గరికే వచ్చి ఆగుతాడు. ఆ పేరు ఊరికే రాలేదు. పాలప్యాకెట్లు వేసేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, ప్యాకెట్టు మీది తేదీ వాడిచేతే చదివించేది. దారపు రీళ్ళు కొనడానికి వెళ్తే కొట్టువాడి ఎదుటే ఒక రీలు విప్పి, లోపలి అట్టగొట్టం ఎంత లావుందో వేలు పెట్టి చూసేది. లారీ తోలే మొగుడు పదిహేను రోజులకోసారి ఇంటికొస్తే ముందు అతని జేబుల్లోని డీజిలు చీటీలు, ఆ తర్వాతే ఒంట్లో ఎలా ఉందన్న ప్రశ్న. అతను మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకునేవాడు.

వీధిలో వాళ్ళు వెనకాల ఎంత నవ్వుకున్నా, అవసరం పడితే మాత్రం ఆమెనే బతిమాలి వెంట తీసుకెళ్ళేవాళ్ళు. ఫ్రిజ్ బాగుచేయించాలన్నా, కుక్కర్ మార్పించాలన్నా సోదా అక్క పక్కనుంటే అవతలివాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతాడని వాళ్ళ ధీమా. ముఖ్యంగా రిపేరువాళ్ళ పేరెత్తితే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ దొంగేనని ఆమె సిద్ధాంతం. ఎంత దొంగ అన్నదొక్కటే తేలాల్సిన సంగతి.

ఆ సిద్ధాంతం ఆమె ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. ఆమె తండ్రే రిపేరువాడు. నలభయ్యేళ్ళపాటు సందు మొదట్లో ఒక డబ్బాకొట్టులో కూర్చుని మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేశాడు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, బడికి సెలవులిచ్చిన రోజుల్లో, మధ్యాహ్నం ఆయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్ళింది. ఆయన తినేలోపు ఒకావిడ తన మిక్సీ కోసం వచ్చింది. తండ్రి సొరుగు లాగి, మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ ఒకటి, అంచున సొట్టపడి బొగ్గులా నల్లబడ్డది, తీసి, "ఇదిగోనమ్మా, మీ మిక్సీలోంచి తీసింది. చూశారుగా ఎలా మాడిపోయిందో" అన్నాడు. ఆవిడ అయ్యో అని డబ్బులిచ్చి వెళ్ళింది. ఇంకో గంటకు ఒక మాస్టారు వచ్చారు. సొరుగు మళ్ళీ తెరుచుకుంది. అదే ఆర్మేచర్, అంచున అదే సొట్ట, అదే మాట. ఆ సాయంత్రం ఆయన కూతురికి కొత్త చెప్పులు కొన్నాడు. ఆ పిల్ల ఆ చెప్పులేసుకుని ఇంటికి నడిచొచ్చింది, ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పటికి ముప్పై రెండేళ్ళయింది. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. కొట్టు మూతబడి, చూపు మందగించి, మూడేళ్ళ కిందట ఆయన కూతురి ఇంటికే చేరాడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఆమె కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరించి పెడుతుంటాడు. అవసరమైతే తప్ప నోరు మెదపడు. చీమకైనా హాని చెయ్యని అలాంటి మనిషే ఆ పని చేశాడంటే, ఇక ముక్కూమొహం తెలియనివాళ్ళు చెయ్యరని ఎలా నమ్మాలని ఆమె లోపల్లోపల లెక్కవేసుకుంది. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదని కూడా అనుకుంటుంది.

ఆమె బతుకంతా ముందుగదిలోని కుట్టుమిషన్ మీద ఉంది. పెద్దది, బల్ల కింద మోటారు, మోటారుకీ చక్రానికీ బెల్టు. ఆ నెలలో ఆమెకు ఒక ఆసుపత్రి నుంచి మొదటిసారి ఆర్డరు వచ్చింది. ఆపరేషన్ గదిలో వేసుకునే పచ్చ గౌన్లు, అరవై. సోమవారం పొద్దున్న పదింటికల్లా ఇస్తే ప్రతినెలా ఆమెకే ఇస్తామని స్టోరు గుమాస్తా చెప్పాడు. ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకొకరు కాచుకుని ఉన్నారని కూడా చెప్పాడు. ప్రతినెలా అరవై గౌన్లంటే మొగుడు రాత్రిళ్ళు లారీ తోలడం మానేసి ఊళ్ళోనే ఏదైనా చూసుకోవచ్చు. ఆమె ఆ సంగతి అతనికింకా చెప్పలేదు. ముందు ఆర్డరు చేతికి దక్కాలి.

మంగళవారం మోటారు మొరాయించింది. స్విచ్చి వేస్తే గుర్రుమని మూలుగుతుంది తప్ప తిరగదు. వేరేవాళ్ళయితే మెకానిక్‌ని పిలిచేవాళ్ళు. ఈమె రిపేరువాడి కూతురు. చిన్నప్పుడు కొట్టులో చూసిన చిట్కా గుర్తొచ్చింది. మోటారు మూలుగుతుండగా చక్రాన్ని చేత్తో గట్టిగా ఒక్క తిప్పు తిప్పితే అది అందుకుంటుంది. అందుకుంది. మంగళవారం, బుధవారం అలాగే చేత్తో తిప్పి, ఒక దొంగకు ఇవ్వాల్సిన డబ్బు మిగిల్చానని మురిసిపోతూ పదహారు గౌన్లు కుట్టింది. గురువారం మధ్యాహ్నం బల్ల కిందనుంచి కమురు వాసన, తర్వాత సన్నగా పొగ. ఆమె ప్లగ్గు పీకేసరికి మోటారు ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ముప్పై ఎనిమిది గౌన్లు అయ్యాయి, ఇరవై రెండు మిగిలాయి.

ఇక తప్పలేదు. మార్కెట్టు వెనక సందులో మోటార్లకు తీగ చుట్టే మెకానిక్ ఒకతను కొత్తగా కొట్టు పెట్టాడని విని అతన్నే పిలిచింది. కొత్తవాడైతే ఇంకా ముదిరి ఉండడని ఆశ. అతను లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు, మాట కూడా తీగ చుట్టినంత నిదానం. బల్ల కింద దూరి మోటారు విప్పి, మూత తీసి వాసన చూశాడు. ఆమె పక్కనే స్టూలు వేసుకుని, అతని చేతివేళ్ళ మీదినుంచి చూపు తిప్పకుండా కూర్చుంది.

లోపల తీగ కాలిపోయిందనీ, మొత్తం విప్పి కొత్తది చుట్టాలనీ అతను చెప్పాడు. కెపాసిటర్ ఒక్కటే పోయి ఉండొచ్చు కదా అని ఆమె తన విద్య ప్రదర్శించింది. మోటారుకు మొదటి తోపు ఇచ్చే ఆ చిన్న డబ్బా మారిస్తే రెండొందలతో పోతుంది. ముందు పోయింది అదేననీ, అప్పుడే మార్చి ఉంటే సరిపోయేదనీ అతను ఒప్పుకున్నాడు. తర్వాత తలెత్తి ఆమెను చూశాడు.

"అది పోయాక చేత్తో తిప్పి నడిపారా అక్కా?"

"లేదే" అంది ఆమె. "బాగానే తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది."

కిటికీ దగ్గర కత్తెర చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

మెకానిక్ ఇంకేమీ అడగలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి మోటారు ఒంటి మీదే పెద్ద అక్షరాలతో మూడు వేల రెండు వందలు అని రాశాడు. అది అతని పద్ధతట. వస్తువు మీదే ధర రాసేస్తాడు, పని అయ్యేదాకా చెరపడు, మళ్ళీ దిద్దడు. అందరికీ ఇది ముచ్చటగా ఉంటుందేమో కానీ, సుద్ద చెరపడానికి తడిగుడ్డ చాలని సోదా అక్కకు వెంటనే తట్టింది. గోడకున్న క్యాలెండరు మీద అదే అంకె పెన్నుతో వేసి, కింద అతనిచేత సంతకం పెట్టించింది. అతను మోటారు మూట కట్టుకునేలోపు, దాని అడుగున ఎవరికీ కనబడని చోట దబ్బనంతో ఒక గీత కూడా గీసి పెట్టింది. మోటారే మార్చేసే మహానుభావులుంటారని ఆమెకు తెలుసు.

అతను వెళ్ళగానే ఇంకో రెండు కొట్లకు ఫోను చేసింది. ఒకడు చూడకుండానే రెండు వేల ఎనిమిది వందలన్నాడు. రెండోవాడు నాలుగు వేలన్నాడు. మన మనిషి చెప్పింది ఆ రెంటికీ మధ్యలో ఉంది. ఇంకొకరికైతే మనసు కుదుటపడేది. సోదా అక్కకు మాత్రం, తక్కువ చెప్పి అనుమానం తెచ్చుకోకుండా, ఎక్కువ చెప్పి బేరం పోగొట్టుకోకుండా మధ్యలో నిలబడ్డవాడే అసలు ఘటికుడనిపించింది.

శుక్రవారం పొద్దున్న కూరగాయల సంచీ పట్టుకుని మార్కెట్టుకని బయల్దేరి, ఆ సందులోకి తిరిగి, అతని కొట్టుకు ఎదురుగా సైకిళ్ళ కొట్టు నీడలో నిలబడింది. మెకానిక్ గడపకు అడ్డంగా కూర్చుని, చిన్న చట్రానికున్న పిడి తిప్పుతూ తీగ చుడుతున్నాడు. పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెడుతున్నాడు. ఆ తీగ ఎవరి మోటారుకో దూరంనుంచి ఎలా తెలుస్తుంది? రాగిదో, రాగిరంగు పూసిన అల్యూమినియమో ఎలా తెలుస్తుంది? గంటసేపు నిలబడి కాళ్ళు పీకడం తప్ప ఆమెకు ఒరిగిందేమీ లేదు. మధ్యలో అతను ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుని, చుట్టిందంతా విప్పడం మొదలెట్టాడు. చూశావా, నన్ను చూడగానే ఎలా తడబడ్డాడో అనుకుంది ఆమె. లెక్క తప్పితే తీగ చుట్టేవాడు మళ్ళీ మొదటినుంచి చుట్టాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

శనివారం తొమ్మిదింటికి అతను మోటారు తెచ్చాడు. అడుగున దబ్బనం గీత ఉంది. గీత ఉందంటే పైడబ్బా అదే, లోపలిది మార్చాడేమో అనుకుంది. బిగించి స్విచ్చి వేశాడు. మోటారు మూలగలేదు సరికదా, ఇదివరకెప్పుడూ లేనంత మెత్తగా తిరిగింది. ఒక చింకిగుడ్డ పెట్టి కుట్టి చూసింది. కుట్టు నిటారుగా, ముత్యాల్లా పడింది. అది కూడా ఆమెకు నచ్చలేదు. ఇంత బాగా నడిచేది ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరికి తెలుసు?

అతను సంచీలోంచి ప్లాస్టిక్ కవరొకటి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పాత తీగ, కోసిన ముక్కలు ముక్కలుగా. తమ పనిలో విప్పిన పాత రాగితీగ మోటారు సొంతదారుదేననీ, తన దగ్గరే వదిలేస్తే దాని ధర అయిదు వందలు తగ్గిస్తాననీ, ఉంచుకుంటే నిండు ధర ఇవ్వాలనీ చెప్పాడు. వదిలేస్తే సాక్ష్యం పోతుంది. ఉంచుకుంటానంది సోదా అక్క. తర్వాత కవరు పైకెత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఇది తన మోటారులోదేనని నమ్మకమేమిటని అడిగింది.

అతను జవాబు చెప్పలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. జవాబు లేదంటే తప్పు ఉన్నట్టేనని ఆమె ధైర్యం తెచ్చుకుని, పదహారు వందలు బల్ల మీద పెట్టింది. మిగతా సగం నెల్లాళ్ళు మోటారు ఆగకుండా నడిస్తే ఇస్తానంది. తన దగ్గర ఎవరి పప్పులూ ఉడకవని కూడా అంది. అనాల్సినదానికంటే కాస్త ఎక్కువే అంది.

మెకానిక్ ఆ డబ్బు ముట్టుకోలేదు. గొంతు పెంచలేదు. బల్ల కింద కూర్చుని, అరగంట కిందట బిగించిన నాలుగు బోల్టులూ ఒక్కొక్కటే విప్పి, మోటారును చంకలో పెట్టుకున్నాడు.

ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. "ఎక్కడికయ్యా? నా మోటారది."

"మోటారు మీదే అక్కా. లోపలున్న తీగ నాది. డబ్బిచ్చిన రోజున తీగ కూడా మీదవుతుంది. వద్దనుకుంటే చెప్పండి, నా తీగ నేను విప్పుకుని మీ మోటారు మీకు పంపించేస్తాను."

అలా అని వెళ్ళిపోయాడు. ఆమె వీధి చివరిదాకా వెంటపడి వెళ్ళి, నలుగురూ చూస్తున్నారని వెనక్కి వచ్చింది. ఇంట్లోకొచ్చి పచ్చగుడ్డ మీద కూలబడింది. ఇరవై రెండు గౌన్లు కత్తిరించి, మడతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. చేత్తో కుడితే వారం పడుతుంది. కొత్త మోటారు కొనాలంటే తొమ్మిది వేలు, అంత డబ్బు ఇంట్లో లేదు. ఉన్నది నాలుగు వేల చిల్లర. ఇప్పుడు వెళ్ళి మూడు వేల రెండు వందలు కడితే ఆర్డరు దక్కుతుంది. కానీ వాడు మోసగాడైతే, తెలిసి తెలిసి మోసపోయినట్టవుతుంది. ఆమెకు నిజంగా ఏడుపు ముంచుకొచ్చింది. డబ్బుకోసం కంటే ఎక్కువగా, ఇన్నేళ్ళ తన తెలివి ఈ ఒక్క మనిషి దగ్గర ఎందుకూ కొరగాకుండా పోయినందుకు.

అవతలివాడు దొంగో దొరో చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లోనే, కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ముప్పై రెండేళ్ళలో ఆమె ఆయన్ని పనికి సంబంధించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఇస్త్రీపెట్టె పాడైనా బయటికే తీసుకెళ్ళింది. అడిగితే ఆ సొరుగు మళ్ళీ తెరవాల్సొస్తుందని ఆమె భయం. ఇప్పుడు ఆ భయాన్ని దిగమింగి, కవరు తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.

"నాన్నా, ఇది నా మోటారులోదేనా?"

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. తీగముక్కలు ఒడిలో పరుచుకుని, కళ్ళకు ఆనించుకుంటూ, వేళ్ళతో నలుపుతూ చాలాసేపు చూశాడు. లావుముక్కలు ఒకవైపు, సన్నవి ఒకవైపు వేరుచేశాడు. లావువి నల్లగా మాడి, ముట్టుకుంటే మసి అంటుతోంది. సన్నవి ఇంకా ఎర్రగా, కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

నీదేనమ్మా అన్నాడు ఆయన. లావుతీగ మోటారు తిరుగుతున్నంతసేపూ పనిచేసేది. సన్నతీగ మొదటి తోపు ఇచ్చేది. కెపాసిటర్ పోతే సన్నదానికి కరెంటే అందదు, అందుకే అది చెక్కుచెదరలేదు. తోపు లేకుండా మనిషే తోసి నడిపిస్తే, తిప్పినప్పుడల్లా ఆ భారమంతా లావుదాని మీద పడి అదే మాడుతుంది. మామూలుగా కాలిన మోటారులో రెండు తీగలూ కాలతాయి. ఇలా ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా ఉందంటే, దాన్ని ఎవరో చేత్తో తిప్పి నడిపారన్నమాట. ఆయన ఇదంతా పాఠం చెబుతున్నట్టు, ఆమె మొహంలోకి చూడకుండా చెప్పాడు.

ఆమెకు చెంపలు వేడెక్కాయి. అయినా లొంగలేదు. చేత్తో తిప్పేవాళ్ళు ఊళ్ళో తనొక్కతే ఉందా, ఇలాంటి మోటారు ఇంకోటి వాడి కొట్లో ఉండదా అని వాదించింది. ఆ తర్వాత, ఇన్నేళ్ళూ గొంతులో అడ్డంపడి ఉన్నది తనకు తెలియకుండానే బయటికొచ్చింది.

"నువ్వు ఆ పనివాళ్ళ తరఫునే మాట్లాడతావు. మీరంతా ఒక్కటే."

ఆయన తీగముక్కల్ని మళ్ళీ కవరులో వేసి, కవరు మూతి నెమ్మదిగా ముడేశాడు.

"నా సొరుగులో ఒకటుండేది" అన్నాడు.

"తెలుసు."

"నీకు తెలుసని తెలుసమ్మా. మాస్టారు వెళ్ళాక నీ మొహం చూశాను. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మర్నాడు తిన్నాను, మళ్ళీ అదే పని చేశాను." ఆయన ముడేసిన కవరు ఆమె చేతికిచ్చాడు. "నలభయ్యేళ్ళలో దాన్ని ఒక్కరి చేతికీ ఇవ్వలేదు. దూరంనుంచి చూపించి లోపల పెట్టేసేవాణ్ణి. ఇచ్చేస్తే మర్నాడు వచ్చేవాడికి ఏం చూపించను? ఈ అబ్బాయిని చూడు. అంత మాటన్నావు, కోపమొచ్చి మోటారు పట్టుకుపోయాడు, అయిదు వందల రాగి మాత్రం నీ బల్ల మీద వదిలేసిపోయాడు. మోసం చేసేవాడు అది వదలడమ్మా. అది వాడికి తిండిపెట్టే ముక్క."

ఈ ఒక్క విషయంలో ఆయన మాటకు ఎదురులేదని ఆమెకు అర్థమైంది. వేరే ఎవరు చెప్పినా నమ్మేది కాదు.

అప్పుడు ఆయనే అడిగాడు, చేత్తో తిప్పలేదని ఆ అబ్బాయికి అబద్ధమెందుకు చెప్పావని. చెబితే రేటు పెంచుతాడేమోనని అంది. ఆయన తల పంకించి, మొదట్లో తనకూ అలాంటి కారణమే ఏదో ఉండేదన్నాడు. ఆమెకు ఆ మాట చురుక్కుమని గుచ్చుకుంది. కోపం తెచ్చుకోవాలనుకుంది కానీ రాలేదు.

బీరువాలోంచి డబ్బు తీసుకుని బయల్దేరబోతుంటే ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని తానూ వస్తానన్నాడు. ఎండలో ఎందుకంది. వినలేదు. ఆయన నడకకు పావుగంట దారి ముప్పావుగంట పట్టింది.

వీళ్ళను చూసి మెకానిక్ చేతిలో పని ఆపాడు. మోటారు అరలో, సుద్దరాత చెరక్కుండా ఉంది. నిన్న ఎదురుగా నిలబడింది మీరే కదక్కా అని అడిగాడు. మనిషి అలా చూస్తుంటే తనకు చుట్లు లెక్క నిలవదనీ, రెండుసార్లు విప్పి చుట్టాల్సొచ్చిందనీ చెప్పాడు. అది ఫిర్యాదులా కూడా లేదు. ఆమె తల దించుకుని, తోడొచ్చింది మా నాన్న, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసేవారని మాత్రం అంది.

ఆ మాటతో అతని మొహం మారిపోయింది. లేచి, తను కూర్చున్న కుర్చీ గుడ్డతో తుడిచి ఆయన్ని కూర్చోబెట్టాడు. కూజాలోంచి నీళ్ళిచ్చాడు. పనిముట్లు చూపించాడు, ఆయన చట్రం పిడి తిప్పి చూస్తే సంబరపడ్డాడు. తనకు పని నేర్పిన గురువుగారు పోయారనీ, పాతకాలపు పనివాళ్ళతో మాట్లాడితే కడుపు నిండినట్టుంటుందనీ అన్నాడు. మాటల్లో పడి అంత నెమ్మదస్తుడూ తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. ధర చెబితే నమ్మరు, పాతముక్క చూపిస్తే నమ్మరు, చేతికిచ్చినా నమ్మరు.

"మీ రోజుల్లో ఇలా లేదట కదా పెద్దాయనా. వస్తువు మీ ముందు పెట్టేసి, అయ్యాక కబురు చెయ్యండని వెళ్ళిపోయేవాళ్ళట. జనం ఎందుకిలా అయిపోయారంటారు?"

సోదా అక్క తండ్రి వైపు చూసింది. కాలం మారిపోయింది నాయనా అంటే సరిపోతుంది. అందరూ అనేది అదే. అబద్ధం వాసన ఆమడ దూరంనుంచే పసిగట్టే మనిషి, ఆ క్షణంలో తండ్రి ఆ ఒక్క అబద్ధం ఆడేస్తే బాగుండునని మనసారా కోరుకుంది.

"మావల్లే నాయనా" అన్నాడు ఆయన.

అది పెద్దవాళ్ళ వినయమనుకుని మెకానిక్ నవ్వాడు. "భలేవారే మీరు."

ఆయన నవ్వలేదు. తన సొరుగులో కాలిపోయిన ఆర్మేచర్ ఒకటి ఉండేదనీ, వచ్చినవాళ్ళందరికీ అదే చూపించేవాణ్ణనీ, ఎంతమందికో లెక్క కూడా తెలియదనీ, తన కూతురు అది తొమ్మిదేళ్ళకే చూసిందనీ, అతని మీద అనుమానపడింది దానివల్లేననీ ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పాడు. మెకానిక్ నవ్వు సగంలో ఆగింది. ముప్పై రెండేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాటలవి. వినగానే గుండె తేలికవుతుందనుకునేది. తీరా ముక్కూమొహం తెలియని మనిషి ముందు, అతను తుడిచిచ్చిన కుర్చీలో కూర్చుని ఆ ముసలాయన తన పరువు తానే తీసుకుంటుంటే, ఆమెకు ఆ తేలిక దక్కలేదు. ఆయన్ని ఒంటరిగా వదిలెయ్యలేకపోయింది.

"నేనూ అబద్ధం చెప్పాను" అంది. "రెండు రోజులు చేత్తోనే తిప్పాను."

"తెలుసక్కా" అన్నాడు మెకానిక్. "తీగ చూడగానే తెలిసింది. మీతో అనలేక, ఆ తీగే మీకిచ్చాను."

ఆమె మూడు వేల రెండు వందలు తీసి అతనికిచ్చింది. అతను నోట్లు ఒకసారి లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఒక పెద్ద నోటు తీసి, వెలుతురుకెత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె కదలకుండా నిలబడింది. ఆమె తండ్రి కుర్చీలోంచి లేచి, ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

సరిపోయిందని చెప్పి అతను తడిగుడ్డతో మోటారు మీది సుద్ద తుడిచేశాడు. ఇప్పుడే వచ్చి బిగిస్తాననీ, సాయంత్రానికి పని మొదలుపెట్టుకోవచ్చనీ అన్నాడు. పెద్దాయనా అని మాత్రం మళ్ళీ పిలవలేదు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ, వాళ్ళ వైపు చూడకుండా, ఇంకో మాట చెప్పాడు.

"ఇకమీదట మీ ఇంటి పనికి డబ్బు ముందే తీసుకుంటాను. ఏమీ అనుకోకండి."

"అలాగే తీసుకో తమ్ముడూ" అంది ఆమె. ఆమె తండ్రి కూడా తలూపాడు. ఆ మాట ఇద్దరికీ న్యాయంగానే తోచింది. అయినా దారి పొడవునా ఇద్దరికీ అది గుచ్చుకుంటూనే ఉంది.